కండక్టరన్న కథల పుస్తకం: ఏడు నోట్‌బుక్కుల నుంచి 600 కాపీల దాకా

ఆయన నా షాపుకు వచ్చిన రోజు చంకలో ఏడు లాంగ్ నోట్‌బుక్కులు, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉన్నాయి. నోట్‌బుక్కులు టేబుల్ మీద పెట్టాడు. కవరు మాత్రం ఇవ్వలేదు. టీ తాగి, లేచి వెళ్లబోతూ, "తమ్మీ, దీని సంగతి గూడ జర చూడు" అని తీసిచ్చాడు. అందులో ఉన్నది ఒక ప్రచురణ సంస్థతో చేసుకున్న అగ్రిమెంటు.

నల్గొండ ప్రకాశం బజార్లో నాకు డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, బిల్లు బుక్కుల మీద ఇల్లు గడుస్తుంది. పుస్తకాలు నా సరదా. ఇప్పటిదాకా ముప్పై పైచిలుకు చేశాను. ఎక్కువ కవిత్వమే, మిగిలినవి ఊరి చరిత్రలు. ఈ పుస్తకం లెక్కలు బయటపెట్టడానికి రచయిత ఒప్పుకున్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. దేవరకొండ డిపోలో కండక్టర్‌గా రిటైరైన మనిషి కాబట్టి కండక్టరన్న అనే అంటాను. మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్ పోయే రూట్లోనే ఆయన సర్వీసులో సగం గడిచింది. తండాల నుంచి పట్నం కూలికి పోయేవాళ్లు, ఆస్పత్రికి పోయేవాళ్లు, పండక్కి తిరిగొచ్చేవాళ్లు ఆయన కథల్లో మనుషులు. మొత్తం పద్నాలుగు కథలు.

ముందు ఆ అగ్రిమెంటు సంగతి.

వేరే రాష్ట్రంలోని ఒక ప్యాకేజీ సంస్థ అది. 45,000 రూపాయలకు టైప్‌సెట్టింగ్, ముఖచిత్రం, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు), "ప్రపంచవ్యాప్త పంపిణీ", రచయితకు 50 కాపీలు ఇస్తామన్నారు. రిటైర్మెంటు డబ్బుల్లోంచి 20,000 అడ్వాన్సు కట్టాడు. ఐదు నెలలకు ఒక పీడీఎఫ్ వచ్చింది. దాన్ని కూర్చినవాళ్లకు తెలుగు చదవడం రాదని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. "బస్సు" అన్న చోటల్లా "బస్‌సు" అని ఉంది. ఒత్తు అక్షరం కిందికి దిగలేదు, పొల్లు పక్కన విడిగా నిలబడింది. ముఖచిత్రం మీద పసుపు రంగు అమెరికా స్కూలు బస్సు. "గిది ఏ డిపో బండి తమ్మీ?" అని నన్నే అడిగాడు. ఆ తర్వాత ఫోన్లు ఎత్తడం మానేశారట.

నాకు టెన్షన్ పెట్టింది డబ్బు కాదు, నాలుగో పేజీలోని ఒక వాక్యం. పుస్తకం ప్రచురణ హక్కులన్నీ సంస్థకు చెందుతాయి అని ఉంది. ఎన్నేళ్లకో లేదు. కథలు చేజారిపోయాయని ఆయన భయం. తెలిసిన వకీలు దగ్గరికి తీసుకుపోయాను. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ఆయన చదివి వినిపించాడు. హక్కులు రాసిచ్చేటప్పుడు కాలవ్యవధి చెప్పకపోతే ఐదేళ్లే లెక్క. ఏ ప్రాంతానికో చెప్పకపోతే భారతదేశం వరకే. హక్కులు తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు వాటిని వాడుకోకపోతే, అగ్రిమెంటులో వేరే విధంగా రాసుకోనంతవరకు, ఆ బదిలీ రద్దయినట్టే. మనవాడు సంతకం పెట్టి అప్పటికి 14 నెలలు. పుస్తకం రాలేదు, అగ్రిమెంటులో ఇంకో మాటా లేదు. ఇదే సంగతి ఉత్తరంగా రాసి పంపితే, మాకు అభ్యంతరం లేదని రెండు లైన్ల మెయిల్ వచ్చింది. 20,000 మాత్రం రాలేదు. దాన్ని వదిలేసుకున్నాడు.

పుస్తకం వేసుకునేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఎంత అవుతుంది?" అని. ఈ కేసు తర్వాత నేను తిరిగి అడిగే మొదటి ప్రశ్న, "ఏమైనా సంతకం పెట్టావా అన్నా?"

*ముందున్న దారులు*

హైదరాబాద్‌లో రచన చదివి, నచ్చితే సొంత డబ్బుతో వేసే ప్రచురణకర్తలు ఉన్నారు. అది అన్నిటికన్నా మర్యాదైన దారి. పెట్టుబడి వాళ్లది, అమ్మకం వాళ్లది, రచయితకు రాయల్టీ సాధారణంగా వెల మీద పది శాతం. 150 రూపాయల పుస్తకం 500 కాపీలూ అమ్ముడైతే వచ్చేది 7,500. ఇద్దరికి పంపించాం. ఒకరి నుంచి జవాబు లేదు. ఇంకొకరు మూడు నెలలకు ఫోన్ చేసి, కథలు బాగున్నాయి కానీ వచ్చే ఏడాది జాబితా కూడా నిండిపోయింది, 200 కాపీలు రచయితే కొనుక్కుంటే ముందుకు జరపొచ్చు అన్నారు. వాళ్లను తప్పు పట్టను. కొత్తవాడి కథల సంపుటి కదలడానికి ఎంత కాలం పడుతుందో వాళ్లకు తెలుసు. అయితే 200 కాపీలు తనే కొనేవాడు ప్రచురణకర్త కూడా తనే కావచ్చు కదా అని మాకు అనిపించింది.

ఆర్థిక సాయం దారి కూడా చూశాం. తెలుగు విశ్వవిద్యాలయానికి అచ్చుకు సాయం చేసే పథకం ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం కూడా ఇస్తుంది కానీ భక్తి పుస్తకాలకు. మన కథల్లో దేవుడు వచ్చేది శ్రీశైలం స్పెషల్ బస్సుల అప్పుడు మాత్రమే. దరఖాస్తు పెట్టి, ఎంపిక జాబితా కోసం ఎదురుచూసే ఓపిక ఆయనకు లేదు. "రిజర్వేషన్ వద్దు తమ్మీ, దొరికిన బండి ఎక్కుదాం" అన్నాడు.

ఆర్డర్ వచ్చినప్పుడే ఒక్కో కాపీ అచ్చేసి పంపే సైట్లు ఉన్నాయి. పోతీ, నోషన్ ప్రెస్ లాంటివి. పీడీఎఫ్ సరిగ్గా చేసి పెడితే చాలు, ఇంట్లో కట్టలు పేర్చుకోనక్కర్లేదు. కాపీ ఖరీదు మాత్రం ఎక్కువ, పైన కొరియర్. అమెరికాలో చదివేవాళ్లున్న రచయితకు, పాతికా యాభై కాపీలు చాలనుకునే పరిశోధకుడికి నేను ఈ దారే చెబుతాను. కిండిల్ 2016 చివర్లో ఐదు భారతీయ భాషలు మొదలుపెట్టినప్పుడు అందులో తెలుగు లేదు. మన ఈ-బుక్కుల కథ అక్కడే వెనకబడింది. ఈ పుస్తకానికి ఆ తలుపు తట్టలేదు.

చివరికి దారి తేల్చింది ఒక కాగితం. "దీన్ని కొనే మొదటి వంద మంది పేర్లు రాయన్నా" అన్నాను. చాలామంది రచయితలు ఇరవై దగ్గర ఆగిపోతారు, అందులో పదిహేను మంది కూడా రచయితలే. కండక్టరన్న రెండు రోజులకు 140 పేర్లు పట్టుకొచ్చాడు. డ్రైవర్లు, కండక్టర్లు, గ్యారేజీ మెకానిక్కులు, బస్‌స్టాండు క్యాంటీన్ ఆయన, రోజూ అప్‌డౌన్ చేసే టీచరమ్మలు, మాల్ ఊళ్లో మందుల షాపు ఆయన. వీళ్లలో ఒక్కరూ ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టి కథల పుస్తకం తెప్పించుకోరు. చేతికిస్తే కొంటారు. అంటే కాపీలు ఆయన సంచీలో ఉండాలి. సొంతంగా వేద్దామని అప్పుడే అనుకున్నాం.

*ఫారాల లెక్క*

మొదటి నాలుగు నోట్‌బుక్కులు దేవరకొండలో ఎవరో 'అను' అనే పాతరకం ఫాంట్లలో కొట్టిపెట్టారు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకుని, మిగిలిన మూడూ నేనే కొట్టాను. బాడీకి మండలి ఫాంటు, డెమ్మీ వన్‌బై ఎయిట్ సైజు (మామూలు కథల పుస్తకం సైజే). మొదటి లేఅవుట్ 186 పేజీలు వచ్చింది.

ఇక్కడే చాలామంది సొంత ప్రచురణకర్తలు డబ్బు పోగొట్టుకుంటారు. డెమ్మీ షీటు రెండు వైపులా అచ్చేసి మడిస్తే 16 పేజీలు, అది ఒక ఫారం. 11 ఫారాలంటే 176 పేజీలు, 12 ఫారాలంటే 192. 186 పేజీల పుస్తకానికి 192 పేజీల ఖర్చు పెట్టి, చివర ఆరు తెల్ల పేజీలు ఇచ్చినట్టు అవుతుంది. పది పేజీలు తగ్గించాలి. లైన్ల మధ్య దూరం కొద్దిగా తగ్గిస్తే ఆరు పేజీలు పోయాయి. మిగిలిన నాలుగు ఒక ముందుమాటలో ఉన్నాయి. పుస్తకానికి మూడు ముందుమాటలు మరి! కథ తీసేయమంటే రచయిత ఒప్పుకుంటాడు కానీ, రాసిచ్చిన పెద్దమనిషి ముందుమాట తీసేయమంటే ఊళ్లో మొహం ఎలా చూపించాలంటాడు. వారం ఆలోచించాడు. చివరికి దాన్ని ఆవిష్కరణ సభలో చదివించే ఒప్పందం మీద తీసేశాం.

చివరి పేజీలో ఒక బైకు షోరూం ప్రకటన వేస్తే 3,000 వస్తుందని ఆయన అన్నాడు. వద్దన్నాను. కారణం పోస్టాఫీసు. పుస్తకాలకు ఎప్పటి నుంచో ఉన్న బుక్ పోస్టు 2024 డిసెంబర్‌లో ఆగిపోయాక, చిన్న ప్రచురణకర్తలకు పోస్టు ఖర్చు గుదిబండ అయింది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్టు వచ్చింది. 300 గ్రాముల లోపు పుస్తకానికి 20 రూపాయలు, ఐదు కిలోల కట్టకు 100, పన్ను అదనం. వ్యాపార ప్రకటనలు ఉంటే తీసుకోరు. అచ్చేసినవాళ్ల పేరో ప్రచురించినవాళ్ల పేరో పుస్తకం మీద ఉండాలి. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల లెక్క) కాగితం, 300 జీఎస్‌ఎం అట్టతో 176 పేజీల మన పుస్తకం 210 గ్రాములు తూగింది. ప్యాకింగ్‌తో 240. ఇదే 240 పేజీల పుస్తకమైతే ప్యాకింగ్‌తో 300 దాటి పై శ్లాబులో పడేది. అందుకే పేజీలు ఖరారు చేసే ముందు నేను ఇప్పుడు తక్కెడ కూడా చూస్తున్నాను.

ఐఎస్‌బీఎన్ ఉచితం. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి రచయితే స్వయంగా, సొంత ప్రచురణకర్తగా ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. మాకు మూడు వారాలు పట్టింది. దీన్నే రెండు మూడు వేలకు అమ్మేవాళ్లున్నారు. డబ్బు పోవడం ఒక నష్టమైతే, ఆ నంబరు అమ్మినవాడి పేరు మీద ఉండి, రికార్డుల్లో ప్రచురణకర్తగా వాడే కనిపించడం ఇంకో నష్టం. ప్రచురణల పేరు మాత్రం ఆయన భార్య పేరు మీద పెట్టాడు. మన దగ్గర పాత అలవాటే అది. అమ్మ పేరో ఆమె పేరో టైటిల్ పేజీ కింద ఉంటుంది, ఇంట్లో కట్టలు మోసేది కూడా ఆమే.

"ప్రతులకు" అని ఆయన సెల్ నంబరు వేశాం. ఆ నంబరుకు పుస్తకం కోసం వచ్చిన ఫోన్లు ఎన్నో, దేవరకొండ లాస్ట్ బస్సు ఎన్నింటికని వచ్చినవీ దాదాపు అన్నే.

*యాడి*

ఇది నా తప్పు, కాబట్టి వివరంగా రాస్తాను.

ప్రూఫులు ఒక రిటైర్డు తెలుగు పండితుడు గారికి ఇచ్చాను. పేజీకి 25 రూపాయలు. చాలా శ్రద్ధగల మనిషి. ఆయన దిద్దిన ప్రూఫుల్లో "పోయిండు" అన్నవన్నీ "వెళ్ళాడు" అయ్యాయి, "గిట్ల" కాస్తా "ఇలా" అయింది. వాటిని వెనక్కి మార్చాలని ముందే అనుకున్నాం, మార్చాను. ఆరో కథలో ఒక తండా పిల్ల ఉంటుంది. మాల్ దగ్గర తల్లి దిగిపోతుంది, పిల్ల నిద్రలోనే ఉండిపోతుంది. ఇబ్రహీంపట్నం దగ్గర లేచి "యాడీ, యాడీ" అని ఏడుస్తుంది. లంబాడీలో యాడి అంటే అమ్మ. పండితుడు గారు ఆ మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టి "యాడికి?" అని రాశారు. నేను చూడకుండా ఆరు చోట్లా ఒకేసారి ఫైండ్ రీప్లేస్ కొట్టాను. అచ్చులో ఆ వాక్యం ఇలా వచ్చింది: "పిల్ల కండ్లు నులుముకుని యాడికి, యాడికి అని ఏడ్వబట్టింది."

బయటపెట్టింది ఒక డ్రైవర్ గారి కూతురు, డిగ్రీ చదువుతోంది. ఆవిష్కరణ సభ నుంచి పుస్తకం ఇంటికి తీసుకెళ్లి, ఆ రాత్రే ఫోన్ చేసింది. "పెదనాన్నా, 61వ పేజీల ఆ పిల్ల అమ్మను పిలుస్తలేదు, ఎక్కడికి పోతున్నమని అడుగుతాంది" అందట.

మొదటి విడత 100 కాపీలే డిజిటల్‌లో, అంటే ప్లేట్లు లేకుండా నేరుగా ఫైల్ నుంచి, వేయించడం అప్పుడు మమ్మల్ని కాపాడింది. కాపీకి 92 రూపాయలు పడింది, ప్లేట్లు చేసి వేసే ఆఫ్‌సెట్ కన్నా చాలా ఎక్కువే. కానీ ఆ తప్పు 500 కాపీల్లో ఉండి ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. కండక్టరన్న నా మీద కోప్పడలేదు. మర్నాడు మిగిలిన కాపీల కట్ట పట్టుకుని షాపుకు వచ్చి, జేబులోంచి బాల్‌పెన్ను తీసి, ఎస్సార్ (కండక్టర్లు నింపే టికెట్ల లెక్క కాగితం) నింపినట్టు ఒక్కొక్కటీ దిద్దుతూ కూర్చున్నాడు. "కి" కొట్టేసి, డి మీది గుడికి దీర్ఘం ఇచ్చి, ఆరు చోట్లా. పక్క కుర్చీలో పెళ్లి కార్డు ప్రూఫు చూసుకుంటున్న ఆయన ఇదేంటని అడిగి, విని, ఒక కాపీ కొన్నాడు.

ప్రూఫు పీడీఎఫ్ పంపేటప్పుడు ప్రతి పేజీ మీద అడ్డంగా "ప్రూఫు" అని ముద్ర వేయాలన్నది కూడా ఈ పుస్తకంతోనే నేర్చుకున్నాను. ఫైనల్ ఫైల్ చూసుకోమని పంపితే, సంతోషంతో డిపో వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. గ్రూపులో రెండు వందల మంది. అందులో ఏడుగురు చదివి మళ్లీ పుస్తకం కొన్నారు. మిగిలినవాళ్లు చప్పట్ల బొమ్మలు పెట్టారు.

*అమ్మకం*

రెండో విడత ఆఫ్‌సెట్. నల్గొండలో కరపత్రాలకు, కార్డులకు మెషీన్లు ఉన్నాయి కానీ జిగురుతో అట్ట అంటించే పర్ఫెక్ట్ బైండింగ్‌కు హైదరాబాదే పోవాలి. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు ఈ ఊరి నుంచే నీలగిరి పత్రిక నడిపారని గుర్తొచ్చినప్పుడల్లా నాకు కొంచెం సిగ్గేస్తుంది. 300 కాపీలకు కాపీ 84 చెప్పారు, 500 కాపీలకు 63. ప్లేట్ల ఖర్చు ఎన్ని వేసినా ఒకటే, పెరిగేది కాగితమే. 500 కాపీలకు ఫారానికి ఒక రీము (500 షీట్లు), అంటే 11 రీములు, వేస్టేజీ అదనం. 6,300 ఎక్కువ పెడితే 200 కాపీలు వస్తున్నాయని 500 వేయించాం. చిన్న సవరణలతో పునర్ముద్రణే కాబట్టి ఐఎస్‌బీఎన్ అదే. కట్టలు ఆర్టీసీ కార్గోలోనే రావాలని పట్టుబట్టాడు, వచ్చాయి.

1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, ఇంకో మూడు గ్రంథాలయాలకు తలా ఒక కాపీ సొంత ఖర్చుతో పంపాలి. చిన్న ప్రచురణకర్తలు చాలామంది ఎగ్గొడతారు. మేం పంపాం. ఆ రసీదులు ఆయన ఇంట్లో ఫ్రేము కట్టించడం ఒక్కటే తక్కువ.

వెల 150. నేరుగా చేతికిచ్చి అమ్మినవి 265, వచ్చింది 39,750. పోస్టులో పంపినవి 58, పోస్టు ఖర్చు కొన్నవాళ్లదే, వచ్చింది 8,700. హైదరాబాద్ షాపుల్లో 40 శాతం కమీషన్ మీద అమ్ముడైనవి 70, వచ్చింది 6,300. అందులో సగం డిసెంబర్ బుక్‌ఫెయిర్‌లో ఒక స్టాల్ వాళ్లు పెట్టుకున్నందువల్ల పోయినవే. ఉచితంగా ఇచ్చినవి, చట్టం కాపీలతో కలిపి, 48. మిగిలినవి 159.

ఖర్చు: డీటీపీ 7,040, ప్రూఫులు 4,400, ముఖచిత్రం 3,500, మొదటి 100 కాపీలు 9,200, తర్వాతి 500 కాపీలు 31,500. మొత్తం 55,640. వచ్చింది 54,750. అంటే 890 రూపాయలు ఇంకా రావాలి. ఆవిష్కరణ సభకు షామియానా, ఫ్లెక్సీ, శాలువాలు, చాయ్ కలిపి 11,000 దాకా అయింది. దాన్ని ఈ లెక్కలో రాయనివ్వలేదు. "అది పుస్తకం ఖర్చు కాదు తమ్మీ, పండుగ ఖర్చు" అన్నాడు. మొదట పోయిన 20,000 కూడా ఇందులో లేదు. నా లెక్కలో అయితే ఆ రెండూ పుస్తకం ఖర్చే.

500 వేయడం అత్యాశా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. 300 వేసుంటే 41 కాపీలు తక్కువ పడేవి, వాటిని డిజిటల్‌లో వేసుకుని ఉండొచ్చు. ఆయన మంచం కింద ఇప్పుడున్న కట్టలు అప్పుడు ఉండేవి కావు. కానీ ఆ మంచం కింది కట్టల్లోంచే వారానికి రెండు మూడు కదులుతున్నాయి. బస్‌స్టాండు క్యాంటీన్‌లో బిస్కెట్ల సీసా పక్కన ఐదు కాపీలు ఎప్పుడూ ఉంటాయి. క్యాంటీన్ ఆయన కమీషన్ తీసుకోడు, చాయ్ డబ్బులు మాత్రం వదలడు.

జిల్లా గ్రంథాలయానికి కొనుగోలు కోసం దరఖాస్తు ఇచ్చి వచ్చాం. ఇంకా ఏమీ తేలలేదు.

పోయిన నెల ఎనిమిదో నోట్‌బుక్కు పట్టుకొచ్చాడు. ఈసారి రిటైరయ్యాక బస్సులో ప్రయాణికుడిగా కూర్చున్న కథలట. మొదటి పేజీలో కథ లేదు. "ఈ మాటలు దిద్దొద్దు" అని పైన గీత గీసి, కింద వరుస నంబర్లతో 43 మాటలు రాశాడు. ఒకటో నంబరు యాడి. దాని ఎదురుగా బ్రాకెట్లో నా పేరు.